ఉత్తరాల అక్షరాలతో మాస్టారి ముఖం: ఒక కేస్ స్టడీ

డీటీపీ, డిజైన్ పనులు చేసే నా దగ్గరికి ఫోటోని అక్షరాలతో బొమ్మ చేసి ఇమ్మని అడిగేవాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. ఎక్కువగా పెళ్లిరోజులకి, పుట్టినరోజులకి. ఇంగ్లిషు అక్షరాలతో అయితే ఉచిత టూల్స్ బోలెడు ఉన్నాయి, నాతో పనే లేదు. తెలుగులో, అదీ చదవడానికి వీలైన వాక్యాలతో కావాలన్నప్పుడే చిక్కంతా. ఈ కేసు అలాంటిది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, పేర్లు, తేదీలు తీసేశాను, ఆనవాలు దొరికే వివరాలు ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

అడిగినావిడ ఉద్యోగిని. వాళ్ల నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయనకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు. ఆవిడ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆయన రాసిన ఇన్‌లాండ్ లెటర్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నారు. ఆ ఉత్తరాల్లోని మాటలతోనే ఆయన ముఖం రావాలని కోరిక. ఫోటో మాత్రం 1970ల నాటి స్టూడియో బొమ్మ: నలుపు తెలుపు, పసుపెక్కిన కాగితం, లావు ఫ్రేము కళ్లజోడు, సన్న మీసం.

“దూరం నుంచి నాన్నగారు కనపడాలి, దగ్గరికెళితే చదవగలగాలండీ. ఊరికే అక్షరాలు చల్లినట్టుంటే ఆయన ఒప్పుకోరు” అన్నారు. సైజు 20×30 అంగుళాల ఫ్రేము. దాంతో పాటు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడానికి టెక్స్టు రూపంలోనే ఒక చిన్న బొమ్మ. ఇవి రెండూ ఒకే పనిలా వినిపిస్తాయి గానీ, ఒకదాని పద్ధతి రెండోదానికి పనికిరాదు.

అప్పటికే జరిగిన ప్రయత్నం

ఆవిడ కొడుకు ఇంటర్నెట్‌లో దొరికిన టూల్‌తో ముందు ఇంగ్లిషు అక్షరాల్లో బొమ్మ తీశాడు. బాగానే వచ్చింది. తర్వాత ఒక్కో ఇంగ్లిషు గుర్తు బదులు ఒక్కో తెలుగు అక్షరం పెట్టాడు. ముఖం కాస్తా పక్కకి జారిపోయి, కళ్లు చెవుల దగ్గరికి చేరాయి.

కారణం తెలియాలంటే ఆ టూల్స్ ఎలా పని చేస్తాయో చూడాలి. ఆస్కీలో (కంప్యూటర్ల మూల ఇంగ్లిషు గుర్తుల పట్టిక) అచ్చుకి వచ్చే గుర్తులు ఖాళీతో కలిపి 95. టెర్మినల్ ఫాంట్‌లో ఒక్కో గుర్తుకి ఒకే వెడల్పు గడి ఉంటుంది, ఎత్తు వెడల్పుకి దాదాపు రెట్టింపు. ఫోటోని ఆ గడులుగా కోసి, ఒక్కో గడిలో సగటు నీడ ఎంతుందో చూసి, ముదురు చోట ‘@’, తేలిక చోట చుక్క, తెల్లగా ఉంటే ఖాళీ పెడతారు. ఊహ పాతదే. కంప్యూటర్లు లేనప్పుడే టైప్‌రైటర్ మీద బొమ్మలు కొట్టేవారు. 1898లో ఫ్లోరా స్టేసీ అనే ఆవిడ కొట్టిన సీతాకోకచిలుక నేటికీ చూపిస్తుంటారు. 1966లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ నోల్టన్, లియొన్ హార్మన్ ఒక ఫోటోని చిన్న చిన్న గుర్తులతో పెద్ద పటంగా చేశారు. అన్నిటికీ ఆధారం ఒకటే: గడులు సమానంగా ఉండాలి, గుర్తుల్లో తేలిక నుంచి ముదురు దాకా మెట్లు ఉండాలి.

తెలుగులో ఆ రెండూ లేవు. ‘ర’ పక్కన ‘ఝా’ పెడితే వెడల్పు చాలా ఎక్కువ. వరసలో ఒక్క అక్షరం మారితే దాని వెనకవన్నీ జరుగుతాయి. అబ్బాయి బొమ్మలో కళ్లు జారింది అందుకే.

మొదటి దారి, అది ఎందుకు ఆగిపోయింది

వెడల్పు సమస్య తేలికగానే తీరుతుంది. సమాన గడులు గీసి, ఒక్కో గడి మధ్యలో ఒక్కో అక్షరం కూర్చోబెడితే ముఖం జారదు. అలాగే చేసి చూశాను. అక్షరాలన్నిటినీ పెద్ద సైజులో బొమ్మగా తీసి, ఒక్కోదాంట్లో నల్ల పిక్సెళ్లు లెక్కపెట్టి, తేలిక నుంచి ముదురుకి వరసగా పేర్చుకున్నాను. మెట్లు దొరుకుతాయని ఆశ.

దొరకలేదు. తెలుగు అక్షరంలో సిరా ఎక్కువైతే వెడల్పూ ఎక్కువవుతుంది. ‘ఘ’, ‘ఝ’, ‘య’ లాంటివి చూడ్డానికి బరువుగా ఉంటాయి కానీ అవి ఆక్రమించే చోటుతో భాగిస్తే ‘న’కీ వాటికీ తేడా కొంచెమే. అన్నీ గుండ్రంగా, ఒకే మందం గీతతో ఉంటాయి. చుక్క నుంచి ‘@’ దాకా ఉన్నంత దూరం మన వర్ణమాలలో లేదు. ముఖమంతా ఒకటే బూడిద రంగు. అంతకంటే పెద్ద చిక్కు: నీడని బట్టి అక్షరాన్ని ఎంచుకుంటే ఉత్తరం మిగలదు. ఏ అక్షరం ఎక్కడ రావాలో బొమ్మ నిర్ణయిస్తుంది, మాస్టారు కాదు.

ఇక్కడే దారి మార్చాను. అక్షరాల వరస ఉత్తరానిది, దాని జోలికి పోకూడదు. నీడ పని ఫాంటు మందానికి అప్పగించాలి. నోటో సాన్స్ తెలుగులో 100 నుంచి 900 దాకా వెయిట్లు, అంటే గీత మందంలో మెట్లు ఉన్నాయి. అదే ‘మ’ని చెంప మీద సన్నగా, జుట్టులో లావుగా వేయొచ్చు. పాత పేజ్‌మేకర్ పద్ధతిలో ఎక్కువగా రెగ్యులర్, బోల్డు మాత్రమే చేతిలో ఉండేవి. అప్పట్లో అయితే ఈ పని ఒప్పుకునేవాణ్ని కాదు.

అక్షరాన్ని ఎక్కడ కోయాలి

ఒక్కో అక్షరానికి ఒక్కో వెయిట్ కావాలంటే ముందు వాక్యాన్ని అక్షరాలుగా విడదీయాలి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్‌లో పొడవు అడిగితే 6 అనే చెప్తుంది. అలా కోస్తే వత్తులు ఊడిపోయి చుక్కల వృత్తాల మీద వేలాడతాయి. రెడీమేడ్ లైబ్రరీల్లో (ఇతరులు రాసిపెట్టిన కోడ్) పాతవి ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు ముక్కలు చేస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకి కంప్యూటర్ ప్రమాణం) 15.1 నుంచే తెలుగు జడ్డక్షరాలని విడదీయకుండా ఒకటిగా ఉంచే నియమం చేరింది. నా మెషీన్‌లో ఉన్న లైబ్రరీ పాతది కాబట్టి నియమం నేనే రాసుకున్నాను: పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపేయ్, మధ్యలో కలవనివ్వని గుర్తు ఉంటే మాత్రం వదిలేయ్. ‘రాజ్‌కుమార్’ లాంటి మాటల్లో ఆ గుర్తు లేకపోతే ‘జ్కు’ అయిపోతుంది.

ఇంకో చిన్న మాట. పిల్లో అనే పైథాన్ లైబ్రరీతో అక్షరాలు గీసేవాళ్లు వత్తులు కలిపి గీసే దాని రాక్మ్ (Raqm) లేఅవుట్ ఆన్ చేసుకోవాలి. లేకపోతే ‘క్క’ రాయమంటే పొల్లుతో ‘క్‌క’ అని గీస్తుంది. తెలుగు మాస్టారికి ఇచ్చే పటంలో అది వెళ్తే ఇక చెప్పేదేముంది.

ఎన్ని అక్షరాలు కావాలి

20×30 అంగుళాలంటే 508×762 మిల్లీమీటర్లు. చుట్టూ 20 మి.మీ. మార్జిన్ పోగా 468×722. ఎనభై దాటిన మనిషి కళ్లజోడు పెట్టుకుని చదవాలి కాబట్టి అక్షరం సైజు 8 పాయింట్ కంటే తగ్గకూడదనుకున్నాను. ఆ సైజులో తెలుగుకి వరసకీ వరసకీ మధ్య దూరం 4 మి.మీ. ఉంటే సుఖం, అక్షరం సగటు వెడల్పు సుమారు 2.2 మి.మీ. అంటే 180 వరసలు, వరసకి 210 అక్షరాలు, మొత్తం 38 వేలకి కాస్త తక్కువ. ఉత్తరాలన్నీ టైపు చేస్తే అందులో మూడో వంతు కూడా రాలేదు, కాబట్టి అయిపోగానే మళ్లీ మొదటి నుంచి తిప్పాలి.

పోలిక వస్తుందా రాదా అన్నది మొత్తం సంఖ్య తేల్చదు, కంటి దగ్గర లెక్క తేలుస్తుంది. బొమ్మలు గీసేవాళ్ల లెక్కలో ముఖం వెడల్పు అయిదు కళ్లంత. ఫోటో మొత్తం, భుజాల కింద దాకా పెడితే ముఖం పటంలో సగం వెడల్పే వస్తుంది, ఒక్కో కన్ను 47 మి.మీ. నిలువునా నాలుగు వరసలు కూడా పట్టవు. అందులో కనుపాప, రెప్ప, కళ్లజోడు అంచు మూడూ ఇరికించలేం. అందుకని ఫోటోని బిగించి కత్తిరించాను. ముఖం మూడింట రెండొంతులు వచ్చింది. కన్ను 62 మి.మీ., అడ్డంగా 28 అక్షరాలు, నిలువునా 5 వరసలు. కండువా పోతోందని ఆవిడ కాసేపు బాధపడ్డారు. కండువా కావాలా, నాన్నగారి చూపు కావాలా అని అడిగితే సరేనన్నారు.

ఫోటో సిద్ధం చేయడం

నా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోయింది, పోవాలి కూడా. రంగు ఫోటోని నలుపు తెలుపు చేయడానికి అందరూ వాడే సూత్రం ఎరుపు 0.299, ఆకుపచ్చ 0.587, నీలం 0.114. పసుపెక్కిన పాత ఫోటోకి అది సరైనది కాదు. పసుపు మరక నీలాన్ని మింగేస్తుంది, ఎరుపుని దాదాపు ముట్టుకోదు. అందుకే స్కాన్‌లోంచి ఎరుపు చానల్ ఒక్కటే తీసుకున్నాను. నుదుటి మీది మరకలు చాలావరకు వాటంతట అవే మాయమయ్యాయి. వెనకాల స్టూడియో తెర పూర్తిగా తీసేశాను. కళ్లజోడు అద్దాల్లో లైటు మెరుపు ఒకటి ఎడమ కనుపాప మీదే పడింది. దాన్ని చేత్తో సరిచేశాను. మెరుపు ఫోటోలో మెరుపులాగే కనిపిస్తుంది కానీ అయిదు వరసల కంట్లో అది గుడ్డికన్ను అయిపోతుంది.

తర్వాత ఒక్కో చిన్న భాగానికి విడివిడిగా కాంట్రాస్ట్ పెంచాను. మొత్తం ఫోటోకి ఒకేసారి పెంచితే జుట్టు మరీ నల్లబడుతుంది, ముక్కు పక్కన నీడ అలాగే ఉండిపోతుంది.

ఇక గామా, అంటే స్క్రీన్ అంకెకీ నిజం వెలుతురుకీ మధ్య లెక్క. మొదటి డ్రాఫ్టులో ముఖం ఎండలో నల్లబడినట్టు వచ్చింది. స్క్రీన్ అంకెలు, కాగితం మీద సిరా ఒకే కొలమానంలో ఉండవు. సగం చోట సిరా, సగం చోట తెల్ల కాగితం ఉంటే వెనక్కి వచ్చే వెలుతురు సగం. ఆ సగం వెలుతురు స్క్రీన్ లెక్కలో (నలుపు 0, తెలుపు 255) 128 కాదు, 188 దగ్గర. ముందు అంకెలని వెలుతురు లెక్కలోకి మార్చి, ఆ తర్వాతే సిరా ఎంత కావాలో లెక్కేయాలి. అది చేయగానే చెంపలు తేరుకున్నాయి.

తెల్ల చారలు

ఇప్పుడు అసలు ఇబ్బంది. తెలుగుకి పైన గుడి, ఏత్వం, కింద వత్తులు. అవి ఢీకొనకుండా వరసల మధ్య చోటు వదలాలి. ఆ చోటు ముఖం మీద తెల్ల చారలుగా కనిపిస్తుంది, కిటికీ బ్లైండ్స్ వెనక మనిషిలా. 4 మి.మీ. దూరంలో ఉన్న చారలు మామూలు చూపుకి పూర్తిగా కలిసిపోవాలంటే దాదాపు 7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. వాళ్ల హాలు అంత లేదు. పైగా ఆ చారల వల్ల 900 వెయిట్‌లో కూడా సరైన నలుపు రాదు.

నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలైతే చారలు జుట్టులో కలిసిపోతాయి. ఒకసారి అలా చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి “శుభకార్యానికి నలుపు వద్దండీ” అన్నారు. నిజమే, దండ వేయడం ఒక్కటే తక్కువ అన్నట్టుంది. మీగడ రంగు కాగితం, ముదురు కాఫీ రంగు సిరా ఖాయం చేశాం.

పని చేసిన మార్గం ఇది. వరసల దూరం 3.5 మి.మీ.కి తగ్గించి, పై వరస వత్తులు కింది వరస తలకట్ల మధ్యకి దిగనిచ్చాను. అక్కడక్కడా తగులుతాయి, చదవడానికి అడ్డం రావు. కంటికి మరో వరస కలిసొచ్చింది. జుట్టు, కళ్లజోడు ఫ్రేము, ఈ రెండు చోట్ల మాత్రం వరసల మధ్యలో ఇంకో వరస వేశాను. అక్కడ చదవడం కుదరదు. ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించాను: మొత్తం చదవగలగాలంటే ఫ్రేము వెలిసిపోతుంది, ఫ్రేము వెలిస్తే ఆయన పోలికే పోతుంది. తర్వాత డ్రాఫ్టు చూసి వాళ్లమ్మగారు “కళ్లజోడు లేకపోతే ఎవరో అనుకునేదాన్ని” అన్నారట.

మాటల మధ్య ఖాళీలు ఇంకో తలనొప్పి. చెంప మీద అవి తెల్ల మచ్చల్లా కనిపించాయి. ఖాళీని మామూలులో మూడో వంతుకి కుదించాను, అక్కడ తగ్గిన సిరాని తర్వాతి అక్షరం మోసేలా చేశాను. ఫ్లాయిడ్, స్టెయిన్‌బర్గ్ 1976లో ప్రచురించిన పద్ధతిలో, ఒక గడిలో కావాల్సిన నీడకీ పడిన నీడకీ మిగిలిన తేడాని పక్కకీ, కింది వరసకీ 7, 3, 5, 1 వంతులుగా (పదహారింట) పంచుతారు. కింది వరసకి పంచితే ఇక్కడ ముఖమంతా పొక్కుల్లా వచ్చింది, ఎందుకంటే మన గడులు చుక్కలంత చిన్నవి కావు. పక్కకి మాత్రమే, అదీ కొంతే పంపాను.

వెయిట్ ఎంపికలో ఇంకో జాగ్రత్త. ఒకే నీడకి ‘ర’, ‘ఘ’ ఒకే వెయిట్‌లో వేయకూడదు. ఉన్నది చిన్న తేడాయే అయినా నున్నటి చెంప మీద కంటికి తగులుతుంది. అందుకే ప్రతి అక్షరానికీ ప్రతి వెయిట్‌లో ఎంత సిరా పడుతుందో పట్టిక తయారు చేసి, కావాల్సిన నీడకి దగ్గరగా వచ్చే వెయిట్‌ని అందులోంచి ఎంచాను. మొదటి దారిలో లెక్కపెట్టిన నల్ల పిక్సెళ్లు ఇక్కడ అక్కరకొచ్చాయి.

ప్రెస్సులో

స్క్రీన్ మీద ఓకే అయినంత మాత్రాన అయిపోలేదు. ప్రింటులో సిరా కాస్త పాకుతుంది. 900 వెయిట్‌లో ‘ఘ’ లోపలి తెల్లదనం పూడిపోయి ముద్దయింది. 100 వెయిట్ గీతలు తెగిపోయాయి. అదే మెషీన్, అదే కాగితం మీద ఒక్కో వెయిట్‌కి ఒక్కో పట్టీ టెక్స్టు ముందు వేయించి, దాన్ని స్కాన్ చేసి, నిజంగా ఎంత ముదురు వచ్చిందో కొలిచాను. 200 నుంచి 800 దాకానే వాడాలని తేలింది. ఫోటోలోని మొత్తం నీడల శ్రేణిని ఆ మధ్యలోకి కుదించాను. నిజమైన నలుపు లేకపోయినా ఫరవాలేదు, జుట్టుకీ నుదుటికీ తేడా నిలిస్తే కన్ను సర్దుకుంటుంది. ఫైలు పీడీఎఫ్‌లో, ఫాంట్లు కర్వ్స్ చేసి (అక్షరాలని గీతల ఆకారాలుగా మార్చి) ఇచ్చాను. జేపెగ్ చాలన్నాడు ప్రెస్ కుర్రాడు; 8 పాయింట్ అక్షరం అంచులు జేపెగ్‌లో నలిగిపోతాయి.

ఉత్తరంలో ఏముంది

దీన్ని టెక్నికల్ పనిగా చూసేవాళ్లు మర్చిపోయేది ఇదే. మొదటి పూర్తి డ్రాఫ్టులో ముక్కు మీద, అందరికీ మొదట కంటపడే చోట, ఒక బంధువు దగ్గర తెచ్చిన అప్పు సంగతి వచ్చింది. పేరుతో సహా. పటం హాల్లో పెడతారు, ఆ బంధువుల పిల్లలు ఫంక్షన్‌కి వస్తారు. ఆవిడకి ఉత్తరాలన్నీ ప్రింటు తీసిచ్చి, వద్దనుకున్నవి పెన్సిల్‌తో కొట్టేయమన్నాను. టెక్స్టు మూడు సార్లకి పైగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో వాక్యం మూడు నాలుగు చోట్ల వస్తుందని కూడా చెప్పాను. అప్పులు, ఆస్పత్రులు, ఒక పెళ్లి చెడిన సంగతి పోయాయి. “మెస్సులో పెరుగు పుల్లగా ఉంటే మానెయ్, వేళకి తిను” లాంటివి ఉండిపోయాయి. స్పెల్లింగులు ఆయన రాసినవి రాసినట్టే ఉంచాం, పాత పద్ధతి అరసున్నాలతో సహా.

వాట్సాప్ బొమ్మ

దీనికి వెయిట్లు లేవు. సైజు లేదు. తెలుగు వెడల్పులు ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటాయి. ఇక్కడ తెలుగు అక్షరాల ఆశ వదులుకోమని చెప్పి, యూనికోడ్‌లో ఉన్న 256 బ్రెయిలీ గుర్తులు వాడాను. ఒక్కోదాంట్లో అడ్డంగా 2, నిలువుగా 4 చుక్కలు, అంటే వరసకి 30 గుర్తులు పెడితే 60 చుక్కల వెడల్పు. ఖాళీ చోట మామూలు స్పేస్ పెట్టకూడదు, చుక్కలేవీ లేని బ్రెయిలీ గుర్తే పెట్టాలి. లేదంటే వెడల్పు తేడా వచ్చి బొమ్మ వంకర పోతుంది.

నీడలతో చేసిన ముఖం నా ఫోన్లో బాగుంది. ఆవిడ ఫోన్లో దెయ్యంలా ఉంది. ఆవిడది డార్క్ మోడ్. నల్ల తెర మీద తెల్ల చుక్కలు, అంటే ఫోటో నెగెటివ్. గ్రూపులో ఎవరిది ఏ మోడో చెప్పలేం. అందుకని నీడలు వదిలేసి గీతలకి దిగాను: కళ్లజోడు, మీసం, జుట్టు పాపిడి, గడ్డం వంపు. గీత తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా గీతే కాబట్టి రెండు మోడ్‌లలోనూ మాస్టారే కనిపించారు. కొన్ని ఫోన్లలో ఖాళీ చుక్కలు చిన్న సున్నల్లా కనిపించాయని తెలిసింది, వాటికి నా దగ్గర మందు లేదు.

తర్వాత

పటం బాగుందని ఆవిడ తమ్ముడు ఇంకోటి కాన్వాస్ మీద కావాలన్నారు. అదే ఫైలు పంపమన్నారు. పంపలేదు. ముందు పట్టీలు వేయించి చూస్తే కాన్వాస్ నేత సన్న గీతల్ని మింగేసింది, 400 కంటే తక్కువ వెయిట్లు కనపడనే లేదు. 400 నుంచి 800 మధ్యలో ముఖం కుదించాలంటే నుదురు, చెంప ఒకటైపోతాయి. అక్షరం 14 పాయింట్‌కి పెంచితే కాన్వాస్ మీద కూడా చేయొచ్చు, కానీ అప్పుడు కంటికి అయిదు వరసలు నిలవాలంటే పటం నాలుగడుగుల ఎత్తు దాటుతుంది. ఆ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన గోడ కొలుచుకుని, కాగితం మీదే ఇంకో కాపీ వేయించుకున్నారు.